కాగితం వచ్చేదాకా ఆగనక్కరలేదు

చిత్తూరు వైపు ఏ జబ్బు ముదిరినా చివరి మాట వేలూరు. పట్టణానికి 40 కిలోమీటర్ల లోపే సీఎంసీ ఆసుపత్రి ఉండటం మా వాళ్ళ అదృష్టమే గానీ, బడి పిల్లల విషయంలో కూడా ‘ముదిరాక వేలూరు’ పద్ధతినే పాటించడం వల్ల జరిగే నష్టాన్ని మాత్రం ఎవరూ లెక్క వేయడం లేదు. అక్షరాలు కలిపి చదవలేని పిల్లవాణ్ని ఒకటో తరగతిలో ‘చిన్నవాడు కదా, వాడే నేర్చుకుంటాడు’ అంటాం. రెండులో ‘కొంచెం నిదానం’ అంటాం. మూడులో ‘ఇంట్లో చదివించే దిక్కు లేదు’ అంటాం. ఐదు పూర్తయ్యే వేళకు ‘వీడికి చదువు అబ్బదు’ అని తేల్చేసి హైస్కూలుకు పంపిస్తాం. అక్కడ ప్రతి సబ్జెక్టుకూ ఒక పుస్తకం, ఒక సారు, ఒక పరీక్ష. ఆ పుస్తకాలలో ఒక్క పేరా కూడా తనంతట తాను చదవలేని పిల్లవాడు, చదవలేడన్న సంగతి పదిమందికీ తెలియకుండా ఉండేందుకు అల్లరిని ఆశ్రయిస్తాడు. అప్పుడు ఎవరో ఒకరు డాక్టరుకు చూపించమంటారు. అప్పటికి వాడికి పదకొండో పన్నెండో ఏళ్ళు.

నేను తిరుపతిలో ఉంటూ పుత్తూరు, నగరి దారిలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) పనిచేస్తున్నాను. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చదువులోగానీ ప్రవర్తనలోగానీ తడబడుతున్న పిల్లలకు సాయం మొదలుపెట్టడానికి డాక్టరు రాసే పేరు అవసరం లేదు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ అవసరం లేదు, వాడు ఒక తరగతి చెడిపోయేదాకా కాచుకొని ఉండవలసిన అవసరం అంతకన్నా లేదు. టీచరు కంటికి కనిపించినదే చాలు.

ఇది నా సొంత కవిత్వం కాదు, చట్టమే ఈ మాట చెబుతోంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్, ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన అందించడం టీచరు విధి అని రాసింది. ఆ పిల్లవాడికి ధ్రువపత్రం ఉంటేనే అని అందులో ఎక్కడా లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడకపోవడం) వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. వాటిని వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవడాన్ని 16వ సెక్షన్ కింద బడి బాధ్యతల్లో ఒకటిగా పెట్టింది. చిక్కు వచ్చేది తర్వాతి మెట్టులో. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ వైకల్యానికి ధ్రువపత్రం ఇచ్చేది 8 ఏళ్ళు నిండిన పిల్లలకే. వైద్యపరంగా అది సబబే, ఎందుకంటే ఆరేళ్ళ వయసులో చదవలేకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి, వాటిలో ఏది వైకల్యమో ఏది కాదో అప్పుడే తేల్చడం కష్టం. కానీ బడిలో దీన్ని అర్థం చేసుకునే తీరు వేరు. కాగితం ఎనిమిదేళ్ళకు గానీ రాదు కాబట్టి, సాయం కూడా ఎనిమిదేళ్ళకు గానీ మొదలుకానక్కరలేదని అనుకుంటున్నారు. చదువుకు పునాది పడే మూడేళ్ళు సరిగ్గా ఆ ఖాళీలోనే పోతున్నాయి.

అమెరికాలోనూ చాలా కాలం ఇదే తంతు నడిచింది. తెలివికీ చదువుకూ మధ్య పెద్ద అంతరం ఉందని పరీక్షల్లో నిరూపణ అయితేనే అక్కడి పిల్లలకు ప్రత్యేక సాయం దక్కేది, ఆ అంతరం కనిపించేంతగా పెరగడానికి రెండు మూడేళ్ళు పట్టేది. 2004లో అక్కడి ప్రత్యేక విద్యా చట్టాన్ని సవరించినప్పుడు, ఆ అంతరాన్ని తప్పనిసరి చేయకూడదని రాష్ట్రాలకు చెప్పి, ముందు సాయం చేసి చూసి దానికి పిల్లవాడు ఎలా స్పందిస్తున్నాడన్న దాన్ని బట్టి నిర్ణయించే పద్ధతికి దారి తెరిచారు. అక్కడి బడులు దాన్ని మూడు అంచెలుగా నడుపుతాయి. మొదటిది తరగతి మొత్తానికీ మంచి బోధన. దానితో అందుకోలేని కొద్దిమందికి చిన్న గుంపులో అదనపు సాధన రెండోది. దానికీ లొంగని ఒకరిద్దరికి విడిగా, రోజూ, ఎక్కువసేపు చేసేది మూడోది. ప్రవర్తనకు కూడా ఇదే వరస. పద్ధతి వాళ్ళదే గానీ, మొదటి అంచె గురించి మాత్రం మన బడులకు తగ్గట్టు ఒక మాట చెప్పాలి. తరగతిలో సగం మంది చదవలేకపోతుంటే అక్కడ వైకల్యాల కోసం వెతకడం అనవసరం, లోపం పాఠం చెప్పే తీరులోనో పాఠం వేగంలోనో ఉంది. అది సరిచేసుకున్నాకే మిగిలిన పిల్లలు ఎవరో తేలుతుంది.

మరి ఎలా కనిపెట్టాలి? పరీక్ష పేపరుతో ఈ పిల్లలు దొరకరు. పక్కన కూర్చోబెట్టుకొని చదివించాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో వాడుతున్న పద్ధతి ఇందుకు చాలా తేలికైనది. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అని నాలుగు మెట్లు ఉంటాయి, పిల్లవాడు ఏ మెట్టు దాకా ఎక్కగలడో చూస్తారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. బడి తెరిచిన మొదటి నెలలో నేను ఈ పని చేస్తాను. ఎంత చదివారు అన్నదాని కన్నా ఎలా చదివారు అన్నదే ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఉదాహరణకు, పుస్తకం తెరిచీ తెరవగానే మొదటి పాఠాన్ని గడగడా అప్పజెప్పే పిల్లలున్నారు. వాళ్ళ వేలు ఒక చోట ఉంటుంది, నోరు ఇంకొక చోట ఉంటుంది. అలాంటి పిల్లవాడి పాఠంలో బొమ్మను చేత్తో మూసి, నాలుగో వరుసలో ఉన్న ఒక పదం మీద వేలు పెట్టి ‘ఇదేమిటి నాయనా’ అని అడగండి. వాడు వెంటనే జవాబు చెప్పడు. పెదాలు మాత్రం కదులుతూ ఉంటాయి. మొదటి వరుస నుంచి లోలోపల అప్పజెప్పుకుంటూ వచ్చి, ఆ పదం దగ్గరకు చేరాక పైకి చెబుతాడు. చెప్పింది సరైనదే. చదివినది మాత్రం సున్నా. ఇంత పెద్ద పాఠాన్ని, ఇన్ని వరుసలను మనసులో పెట్టుకొని, ఏ పదం ఎక్కడుందో లెక్క కట్టి చెప్పగలిగిన వాణ్ని మందబుద్ధి అనడానికి మనకు నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఇంకొక రకం పిల్లలు మరీ సులభంగా కన్నుగప్పుతారు. వాళ్ళు ఎక్కువగా ఆడపిల్లలు. దస్తూరీ ముత్యాల కోవలా ఉంటుంది, నోటు పుస్తకం కళ్ళకద్దుకోవచ్చు, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. అల్లరి చేయరు, ప్రశ్న వేయరు. తాను రాసిన వాక్యాన్నే తిరిగి చదవమంటే తల దించుకుంటారు. ఆ అమ్మాయి రాసినది అక్షరాలు కాదు, ఆకారాలు. ముగ్గు పెట్టినంత శ్రద్ధగా పెట్టిన ఆకారాలు. అల్లరి చేసేవాడి గురించి కనీసం స్టాఫ్ రూములో మాట్లాడుకుంటాం, ఈ అమ్మాయి గురించి ఎవరమూ మాట్లాడుకోం.

తడబాటు ఎక్కడ వస్తోందో కూడా విడదీసి చూడాలి. మన లిపిలో ప, వ పక్కపక్కన పెడితే పెద్దవాళ్ళకే తొందరలో పొరపాటు రావచ్చు. మ, య, ర, ఠ, డ, ఢ, ద, ధ వీటి మధ్య మొదటి ఏడాది తికమకపడటం సహజం. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు. రెండో తరగతి సగం గడిచాక కూడా ‘పలక’ను చూసి మొదటి అక్షరం పట్టుకొని ‘పడవ’ అని ఊహించేస్తుంటే, ‘అమ్మ’లో ఒత్తు ప్రతిసారీ రాలిపోతుంటే, నిన్న చదివిన పదాన్ని ఇవాళ కొత్తగా చూసినట్టు చూస్తుంటే, ‘కమలలో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది’ అని నోటితో అడిగినా తేల్చుకోలేకపోతుంటే, అప్పుడు పట్టించుకోవాలి. ఈ చివరిదానికి పుస్తకంతో పనిలేదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడమే కష్టమైన పిల్లలకు, వాటికి గుర్తులైన అక్షరాలు పట్టుబడటం మరీ కష్టం. డిస్లెక్సియాకు మూలం చాలావరకు చెవికీ మాటకూ సంబంధించిన ఈ లంకెలోనే ఉంది, కళ్ళలో లేదు.

ఇక్కడ మా సరిహద్దు బడులకు ప్రత్యేకమైన ఒక తిరకాసు ఉంది. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలు చాలామంది. తమిళ లిపిలో క వర్గానికంతటికీ క, ఙ రెండే అక్షరాలు, గ శబ్దానికి వేరే గుర్తు లేదు. పదం మొదట్లో ఉంటే క అనీ, నడుమ ఉంటే గ అనీ పలకడం ఆ భాష అలవాటు. అందుకే ఆ ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు ‘గాలి’ని ‘కాలి’ అని రాస్తాడు, ‘ఆకు’ను ‘ఆగు’ అని చదువుతాడు. చూడటానికి అచ్చం అభ్యసన వైకల్యంలాగే ఉంటుంది, కానీ అది ఒక భాష నియమాన్ని ఇంకొక భాషలో నిక్కచ్చిగా పాటించడం మాత్రమే. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లలకు ళ, ణ కొరుకుడు పడవు గానీ, ఖ, ఘ మాత్రం మన కన్నా శుద్ధంగా పలుకుతారు. (ఒత్తులు పలకడంలో మా బడిలో అందరికన్నా ముందున్న పిల్ల ఒక సాయిబుల అమ్మాయే.) తేడా పట్టుకోవడానికి నేను చేసేది ఒక్కటే. తప్పులు ఒక నియమం ప్రకారం వస్తున్నాయా, లేక ఇవాళ ఒకలా రేపు ఒకలా వస్తున్నాయా అని చూస్తాను. నియమం ప్రకారం వస్తే అది ఇంటి భాష ప్రభావం, కొన్ని వారాల ధ్వని సాధనతో సర్దుకుంటుంది. ఇంటి భాషలో కూడా కథ చెప్పడానికి, ప్రాస పదాలు పట్టుకోవడానికి ఆ పిల్లవాడు ఇబ్బంది పడుతుంటే ఆలోచించాలి.

వీటన్నింటికన్నా ముందు చూడవలసినవి కన్ను, చెవి. బోర్డు దగ్గరకు వచ్చి రాసుకునే పిల్లవాడికి కళ్ళజోడు ఇప్పిస్తే సగం కథ అక్కడికక్కడే ముగుస్తుంది. చెవి కారే పిల్లలకు కొన్ని వారాలు బాగా వినిపించి, కొన్ని వారాలు మందంగా వినిపిస్తుంది కాబట్టి, వాళ్ళు ‘వినీ విననట్టు నటిస్తున్నారు’ అన్న పేరు మోస్తారు. వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడటం ఏ బడిలోనైనా చేయగలిగిన పని. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికోసారి ప్రభుత్వ బడులకు వస్తాయి. వాళ్ళు చూడవలసిన 30 రకాల సమస్యల్లో చూపు, వినికిడితో పాటు అభ్యసన లోపాలు, శ్రద్ధ నిలపలేక కుదురుగా ఉండలేకపోయే ఏడీహెచ్‌డీ కూడా ఉన్నాయి. వచ్చిన రోజున బరువు, ఎత్తు కొలిచి పంపించేయకుండా, మన అనుమానాలున్న పిల్లల పేర్లు ముందే రాసి పెట్టుకొని వాళ్ళ చేతిలో పెడితే ఆ రాక సార్థకమవుతుంది.

ఇక సాయం సంగతి. పెద్ద హంగామా అక్కరలేదు. నలుగురు, మించితే ఐదుగురు పిల్లలు, రోజూ అరగంట, ప్రార్థన అయిన వెంటనే. మధ్యాహ్నం తర్వాత పెట్టుకుంటే నిద్ర ముంచుకొస్తుంది, బడి విడిచాక పెట్టుకుంటే అది శిక్షగా మారిపోతుంది. ఆటల పీరియడ్‌లో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. చదువు రాని పిల్లవాడు బడిలో గెలిచేది అక్కడొక్కచోటే. ఆ అరగంటలో మొదట నోటితో ధ్వనుల ఆట, తర్వాత కొన్ని అక్షరాల అట్టముక్కలతో పదాలు కట్టడం, గుణింతంలో ఒకేసారి అన్నీ కాకుండా దీర్ఘం ఒకటి పట్టుబడ్డాకే గుడి, ఆ తర్వాత గుడిదీర్ఘం, చివర తాము కట్టిన పదాలతోనే రెండు వాక్యాలు చదవడం. ఇసుకలో వేలితో రాయడం, రాస్తూ ఆ శబ్దం పైకి అనడం పాతకాలపు వీధిబడి అలవాటే గానీ, కన్ను, చెవి, చేయి మూడూ కలిపి పనిచేయించడం ఈ పిల్లలకు ఇప్పటికీ పనికొస్తుంది.

శుక్రవారం సాయంత్రం ఒక్కొక్కరి చేత ఒక్క నిమిషం చదివించి, సరిగ్గా చదివిన పదాలెన్నో ఒక పేజీలో తేదీతో గ్రాఫు గీతగా వేస్తాను. 2021లో కేంద్రం చిన్న తరగతుల చదువు కోసం తెచ్చిన నిపుణ్ భారత్ మార్గదర్శకాలు రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అని లక్ష్యం పెట్టాయి. తెలుగులో విభక్తులూ క్రియలూ అతుక్కుపోయి ఒక్కొక్క పదం గూడ్సు బండి అంత పొడవు ఉంటుంది కాబట్టి, ఆ అంకెను పట్టుకొని పిల్లల్ని పరుగెత్తించడం నాకు నచ్చదు. అయితే ఒకే పిల్లవాడిని వాడితోనే పోల్చుకోవడానికి ఆ నిమిషం కొలత ఎంతో ఉపయోగం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గీత పైకి లేస్తే ఆ పిల్లవాడికి కావలసింది అదనపు సాధనే అని అర్థం. గీత లేవకపోతే సాధన తీరు మార్చి, గుంపు తగ్గించి ఇంకొన్ని వారాలు చూస్తాను. అప్పటికీ లేవకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం నుంచి ఐఈఆర్పీని, అంటే ఆ పిల్లలకు చదువు చెప్పే టీచరును పిలిపిస్తాను. డాక్టరు దగ్గరకు పంపాల్సి వస్తే, ఆ పేజీల కన్నా మంచి రిపోర్టు ఇంకొకటి ఉండదు. ‘చదవడు సార్’ అనే మాటతో వెళ్ళిన పిల్లవాడికీ, ‘ఇన్ని వారాలు ఇలా సాధన చేయించాము, ఇక్కడ ఆగిపోయాడు’ అనే కాగితాలతో వెళ్ళిన పిల్లవాడికీ అక్కడ జరిగే పరిశీలనలో తేడా ఉంటుంది.

ఈ స్థాయిల వారీ చదువు మనకు విదేశీ సరుకేమీ కాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం, ఒకే టీచరు అన్ని తరగతులనూ నడిపే పల్లె బడుల కోసం, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక నిచ్చెనగా పేర్చి, ఎవరి మెట్టు మీద వాళ్ళు ఎవరి వేగంతో వాళ్ళు ఎక్కే పద్ధతిని రూపొందించింది. 1990లలో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె టీచర్లు వచ్చి చూసి వెళ్ళి తమ బడుల్లో మొదలుపెట్టినదే కర్ణాటక ‘నలి కలి’. చెన్నై కార్పొరేషన్ బడుల కార్డుల పద్ధతికీ ఇక్కడి నుంచే ప్రేరణ. మన ఇంటి చెట్టు కాయలు పక్క రాష్ట్రాలవాళ్ళు కోసుకున్నారు, సంతోషమే. మన జిల్లా బడుల్లో మాత్రం ‘సిలబస్ ఎంత అయింది’ అన్న ప్రశ్న ముందు ఆ నిచ్చెన ఎక్కడా నిలబడలేదు.

ప్రవర్తన విషయానికి వస్తే మనం మరీ తొందరపడతాం. తెలుగు పీరియడ్‌లో వరుసగా ఒక్కొక్కరూ లేచి చదువుతున్నారనుకోండి. తన వంతు ఇంకా ముగ్గురి దూరంలో ఉందనగా ఒక పిల్లవాడు పక్కవాడి పెన్సిలు లాక్కుంటాడు, వాడు అరుస్తాడు, టీచరు వీణ్ని బయట నిలబెడుతుంది. పది నిమిషాల తర్వాత లోపలికి పిలిచేసరికి వాడి వంతు దాటిపోయి ఉంటుంది. ఇది రోజూ జరుగుతుంది. టీచరు దృష్టిలో అది శిక్ష, పిల్లవాడి దృష్టిలో అది గండం గడవడం. పదిమంది ముందూ చదవలేక నవ్వులపాలు కావడం కన్నా వరండాలో నిలబడటం వాడికి వెయ్యి రెట్లు నయం. మనం శిక్షించిన కొద్దీ వాడు ఆ పని మళ్ళీ చేస్తాడు, ఎందుకంటే కోరుకున్నది దక్కుతోంది. అందుకే గొడవ జరిగిన ప్రతిసారీ ఒక కాగితంలో మూడు గడులు గీసి, ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత వాడికేం దక్కింది అని రాసుకుంటే, ఒకటి రెండు వారాల్లో ఆ అల్లరికి ఒక గడియారం, ఒక కారణం ఉన్నట్టు బయటపడుతుంది. ఈ పిల్లవాడి విషయంలో చేయవలసింది చాలా చిన్నది. వాడు చదవగలిగిన రెండు వాక్యాలను ముందురోజే చూపించి, సాధన చేయించి, మర్నాడు వాటినే వాడి చేత చదివించాలి. పెన్సిలు జోలికి పోవలసిన అవసరం వాడికి ఇక ఉండదు.

గోడకుర్చీలు, గుంజీలు, బెత్తం అన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించినవే. మానసికంగా వేధించడం కూడా ఆ నిషేధంలోనే ఉంది, అంటే ‘మొద్దు’ అని పదిమందిలో పిలవడం కూడా. చట్టం సంగతి పక్కన పెట్టినా, కారణం తెలియని శిక్ష పనిచేయదు. తిరుపతిలో ఇది నేను చాలా చూస్తుంటాను. కొండ మీద రాత్రి డ్యూటీలు, హోటళ్ళు, టాక్సీలు, పూల వ్యాపారం, ఇలా నిద్రపోని ఊరు ఇది. అమ్మ రెండో షిఫ్టు నుంచి వచ్చేదాకా మేలుకొని, తెల్లారి నాన్న బయలుదేరే చప్పుడుకు లేచి బడికి వచ్చిన ఏడేళ్ళ పిల్లవాడు కుదురుగా కూర్చోకపోతే, అది జబ్బో పొగరో కానక్కరలేదు, నిద్ర చాలకపోవడం కావచ్చు. పిల్లల్లో నిద్ర తక్కువైతే మత్తుకు బదులు చిరాకు, పరుగు కనిపిస్తాయి. కాస్త గెంతే ప్రతి పిల్లవాడికీ ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టడం ఈమధ్య పట్టణాల్లో ఎక్కువైంది. ఆ నిర్ధారణకు లక్షణాలు కనీసం ఆరు నెలలు, ఇంటి దగ్గరా బడిలోనూ రెండు చోట్లా, 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి. బడిలో మాత్రమే, అందులోనూ చదివించే పీరియడ్‌లో మాత్రమే గెంతుతుంటే, వెతకవలసిన చోటు వేరే.

తల్లిదండ్రులతో మాట్లాడటం అన్నింటికన్నా కష్టం, ఎందుకంటే మనం ఏం చెప్పినా వాళ్ళకు ‘మీ పిల్లవాడికి ఏదో లోపం’ అనే వినిపిస్తుంది. నేను వైకల్యం అన్న మాట మొదట ఎత్తను, వాడు చేయగలిగినవి ముందు చెబుతాను. ఒకసారి రెండో తరగతి పిల్లవాడి కోసం వాళ్ళ అవ్వ వచ్చింది. అమ్మానాన్నలు బెంగళూరులో పనికి పోయారు. నేను ఇంకా ఏమీ చెప్పకముందే ఆమె నా చేతులు పట్టుకొంది. ‘సదువు రాకపోతే పోనీలే టీచరమ్మా, నువ్వు మాత్రం వాణ్ని కొట్టబాకమ్మా’ అంది. కొట్టడానికి పిలవలేదవ్వా, వాడు లెక్కలు నోటితో చకచకా చేస్తున్నాడు, కాగితం మీద అక్షరం దగ్గర మాత్రం ఆగిపోతున్నాడు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా అని అడిగాను. ఆమె నవ్వింది. ‘వాళ్ళ నాయిన మాత్రం? ఐదు దాకా పోయినాడు, పేరు రాసేదానికే సచ్చేవోడు. మోటారు ఇప్పదీసి మళ్ళా బిగించమను, అరగంటలో బిగిస్తాడు.’ ఆ ఒక్క మాటతో నాకు సగం దారి తెలిసింది. డిస్లెక్సియా వంశంలో వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ‘ఇంట్లో ఇంకెవరికైనా’ అన్న ప్రశ్న ఎప్పుడూ అడగవలసినదే. తాయెత్తు కట్టించామని చెప్పే తల్లులతో కూడా నేను వాదన పెట్టుకోను, తాయెత్తు తాయెత్తే, అరగంట అరగంటే అంటాను.

కొన్ని ప్రైవేటు బడులు ఈ పిల్లలను వదిలించుకునే తీరు గురించి కూడా చెప్పాలి. తిరుపతిలో నాకు తెలిసిన ఒక కుటుంబానికి, మూడో తరగతి చివర ‘మా సిలబస్ మీ బాబుకు బరువవుతోంది, వేరే చూసుకోండి’ అని ఒక బడి మర్యాదగా చెప్పింది. మూడేళ్ళు ఫీజు కట్టించుకున్న ఆ బడి, ఆ మూడేళ్ళలో వాడి చేత విడిగా ఒక్క పేజీ చదివించి చూసిన దాఖలా లేదు. దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్, గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకూ వర్తిస్తుందని తల్లిదండ్రులకు తెలిస్తే కనీసం అడగగలుగుతారు.

తీరిక ఎక్కడిది అని తోటి టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. యాప్‌లలో ఫొటోలు, హాజరు, మరుగుదొడ్ల లెక్కలు, గుడ్ల లెక్కలు అన్నీ పోగా మిగిలిన సమయంలోనే పాఠం చెప్పాలి, ఇద్దరం టీచర్లమే అయినప్పుడు నలుగురితో అరగంట కూర్చుంటే మిగిలినవాళ్ళు ఏమవుతారు? నేను ఆ అరగంట నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చిన్నవాళ్ళ చేత కథలు చదివించే పని అప్పగిస్తాను. అన్ని రోజులూ సాగదు. మీటింగులకు పోయిన రోజు ఆగిపోతుంది, మామిడి కోతల ముందు ఒంటిపూట బడులప్పుడు కుంటుతుంది. అయినా వారానికి నాలుగు రోజులు జరిగితే గీత లేస్తుంది. కోరదగిన మార్పు ఒకటుంది. భవిత కేంద్రాల టీచర్లు ధ్రువపత్రం ఉన్న పిల్లల దగ్గరికే కాక, కాగితం లేని ఈ చిన్న గుంపుల దగ్గరికి కూడా నెలకోసారైనా వచ్చేట్టు పని విభజన చేయాలి.

చివరగా ఒక చిన్న పని. మా పిల్లలు ఎక్కువగా బడులు మారతారు, అమ్మానాన్నల పని ఎటు తీసుకుపోతే అటు. అడ్మిషన్ రిజిస్టరులోనూ టీసీలోనూ పుట్టుమచ్చలు రాయడానికి చోటుంది, పిల్లవాడు ఎంతవరకు చదవగలడో రాయడానికి గడి లేదు. దాంతో కొత్త బడిలో మళ్ళీ మొదటి నుంచీ ‘కొంచెం నిదానం’ దగ్గర మొదలవుతుంది. అందుకే బడి వదిలి వెళ్ళే ప్రతి పిల్లవాడి కాగితాలకూ నేను ఒక పేజీ పిన్ను చేసి ఇస్తాను. అందులో వాడు చదవగలిగే మెట్టు, పట్టుబడిన గుణింతాలు, ఇంకా తికమకపడే అక్షరాలు, ఇంట్లో మాట్లాడే భాష, కళ్ళూ చెవులూ పరీక్ష చేయించిన తేదీ, ఏ సాధన పనిచేసింది, ఏది చేయలేదు అన్నవి ఉంటాయి. ఇంకా, వాడు బాగా చేసే పని ఒకటి. ఒకరికి నోటి లెక్కలు, ఒకరికి బొమ్మలు, ఒకరికి కబడ్డీ. కింద నా ఫోను నంబరు రాస్తాను. కుప్పం దగ్గరి ఒక బడి నుంచి ఒక టీచరు ఫోను చేసి, వచ్చిన పిల్లవాడి గుణింతాలలో ఏత్వం నుంచి మొదలుపెట్టవచ్చా, వెనక్కు వెళ్ళాలా అని అడిగారు. గుడిదీర్ఘం ఒకసారి చూసుకొని మొదలుపెట్టమన్నాను.